గాలాడని చోటికి దిగేముందు గాలి సంగతి చూడండి

బావులు, పాతర్లు, గోబర్ గ్యాస్ గుంతలు, గదుల్లో పనిచేసే రైతులు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

పొలం పనుల్లో ప్రమాదం అనగానే మనకు పాము, పిడుగు, కరెంటు షాకు, పురుగుమందు గుర్తొస్తాయి. గాలి గుర్తుకు రాదు. గాలి కంటికి కనిపించదు, కాబట్టి అది చంపుతుందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కానీ ఏటా ఎండాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది. పూడిక తీయడానికి బావిలో దిగిన మనిషి పైకి రాలేదు. అతన్ని చూడబోయి తమ్ముడు దిగాడు. ఇద్దర్నీ తీసుకొద్దామని పక్క పొలం ఆయన దిగాడు. సాయంత్రానికి మూడు ఇళ్లలో ఏడుపులు.

ఇందులో దయ్యం లేదు, గంగమ్మ కోపం లేదు. ఉన్నదల్లా గాలి కదలకపోవడమే. కదలని చోట మంచి గాలి తరిగిపోయి చెడ్డ గాలి పేరుకుంటుంది. ఇది తెలుసుకుని నాలుగు జాగ్రత్తలు తీసుకుంటే ఇలాంటి చావుల్లో చాలావాటిని ఆపవచ్చు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మంచి గాలి ఎంత, చెడ్డ గాలి ఎంత?

మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నత్రజని. ప్రాణవాయువు 19.5 పాళ్లకు తగ్గితే ఆ చోటు పనికి తగదని లెక్క. 16 పాళ్లకు దిగితే ఆయాసం, తల తిరుగుడు మొదలవుతాయి, ఆలోచన మందగిస్తుంది. 10 పాళ్లలోపుకి వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. 6 పాళ్లలోపు అయితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. మరీ తక్కువ ఉన్న చోట రెండు మూడు శ్వాసలకే కుప్పకూలిపోతాడు. అరవడానికి కూడా వ్యవధి ఉండదు. అందుకే 'ఇబ్బంది అనిపిస్తే పైకి వచ్చేస్తాలే' అనుకోవడం చాలా పొరపాటు. ఇబ్బంది తెలిసేసరికి కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు.

మన పనుల్లో ఎదురయ్యే చెడ్డ గాలులు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, బొగ్గుపులుసు వాయువు. ఆకులు, గడ్డి, గింజలు, ఏవి కుళ్లినా, ఊపిరి పీల్చినా ఇది వస్తుంది. మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే నీళ్లలాగా పల్లానికి చేరి అడుగున నిలుస్తుంది. దీని బరువు ఎంత పని చేస్తుందో 1986 ఆగస్టు 21 రాత్రి లోకమంతా చూసింది. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో నియోస్ అనే సరస్సు అడుగున పేరుకున్న ఈ వాయువు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి లోయల వెంట వరదలా పారింది. పల్లపు ఊళ్లలో సుమారు 1,700 మంది, వేలాది పశువులు నిద్రలోనే చనిపోయారు. మన బావిలో జరిగేదీ ఇదే, కాకపోతే చిన్న ఎత్తున.

రెండు, హైడ్రోజన్ సల్ఫైడ్. పేడ, మురుగు, కుళ్లిన బురద నుంచి వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఇదీ గాలి కంటే బరువే. దీని మాయ ఏమిటంటే, కొంచెం ఉన్నప్పుడు కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. 'కంపు పోయింది, ఇక దిగవచ్చు' అనుకున్నారనుకోండి, అంతే సంగతులు.

మూడు, కార్బన్ మోనాక్సైడ్. ఇంజిన్ల పొగలో, బొగ్గుల కుంపట్లలో, బావిలో తూటాలు పేల్చాక వచ్చే పొగలో ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట ఇది వచ్చి కూర్చుంటుంది. పట్టు కూడా ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ. ఒకసారి పట్టుకుంటే త్వరగా వదలదు.

నాలుగు, మీథేన్. గోబర్ గ్యాసులో మండేది ఇదే. గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్లు కలిసి ఉన్నప్పుడు అగ్గిపుల్ల గీస్తే ఢామ్మని పేలుతుంది.

ఎండాకాలమే ఎందుకు?

పూడిక తీసేది, లోతు చేసేది నీళ్లు అడుగంటిన ఎండాకాలంలోనే. చెడ్డ గాలి ఎక్కువగా నిలిచేదీ అప్పుడే. కారణం తేలిక. చలికాలం రాత్రి బయటి గాలి చల్లబడి బరువెక్కుతుంది. అది బావిలోకి దిగి, లోపలి గోరువెచ్చని గాలిని పైకి నెడుతుంది. అంటే గాలి తనంతట తానే మారుతుంది. ఎండాకాలంలో బయట 42 డిగ్రీలుంటే బావి అడుగున చల్లగా ఉంటుంది. చల్లగాలి బరువైనది కాబట్టి అది కదలకుండా అక్కడే కూర్చుంటుంది. అడుగున కుళ్లిన ఆకు, చచ్చిన కప్పలు, బురద నుంచి వచ్చే ఆవిరి దాంట్లోనే కలుస్తుంది.

ఇంకో సంగతి. మబ్బు పట్టి వాన రాబోయే ముందు వాతావరణంలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు నేల పొరల్లో ఉన్న గాలి బావిలోకి ఊరుతుంది. నిన్న దిగితే ఏమీ కాని బావిలో ఇవాళ ప్రమాదం జరగడానికి ఇదొక కారణం. కనుక 'మా తాతల కాలం నుంచీ దిగుతున్నాం, నిన్న కూడా దిగాం' అన్న మాట లెక్కలోకి రాదు. ఏ రోజుకారోజు, భోజనానికి పైకి వచ్చి మళ్లీ దిగేటప్పుడు కూడా, గాలి చూసుకోవలసిందే.

చాలాకాలంగా వాడకుండా మూతపెట్టిన బావులు, మోట మానేసిన పాడుబావులు, చుట్టూ చెట్లు పెరిగి ఆకు రాలే బావులు, లోతెక్కువై వెడల్పు తక్కువున్న బావులు, ఇవి మరీ అనుమానించదగ్గవి.

దీపం పరీక్ష ఎంతవరకు నమ్మవచ్చు?

మన పెద్దలు లాంతరునో బుడ్డిదీపాన్నో తాడుకు కట్టి బావిలోకి దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. ఇది మంచి అలవాటే. ప్రాణవాయువు 16-17 పాళ్లకు తగ్గితే దీపం ఆరిపోతుంది. అయితే దీనికి హద్దులున్నాయి.

దీపం ఆరిందా, దిగకూడదు. ఇందులో సందేహం లేదు. కానీ దీపం వెలుగుతోంది కదా అని ధైర్యంగా దిగకూడదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. ఇక గోబర్ గ్యాస్ గుంతలో, సెప్టిక్ ట్యాంకులో అయితే దీపం పెట్టడమే ప్రమాదం. పేలిపోతుంది.

ఇప్పుడు చేతిలో పట్టేంత గ్యాస్ మీటర్లు వచ్చాయి. ప్రాణవాయువు, మండే గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగింటినీ ఒకేసారి చూపుతాయి. తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ప్రాణవాయువు 19.5 నుంచి 23.5 మధ్య ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల పాళ్లకు 10 పాళ్లలోపు, కార్బన్ మోనాక్సైడ్ 35 పాళ్లలోపు ఉండాలి. మండే గ్యాసు, పేలే హద్దులో పదో వంతుకు మించకూడదు. ఒక చిన్న రైతు ఇది కొనడం కష్టం. స్ప్రేయర్లు అద్దెకిచ్చినట్టుగా సహకార సంఘమో, రైతుల గ్రూపో ఊరికొకటి కొని పెట్టుకుంటే అందరికీ అక్కరకొస్తుంది. మండలంలో వచ్చే సమావేశంలో ఈ మాట అడగండి.

గాలి మార్చడం ఎలా?

వేపమండ తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించడం, బకెట్లతో నీళ్లు కుమ్మరించడం పాత పద్ధతులు. వీటితో అడుగు గాలి కొంత కదులుతుంది, అసలు చేయకపోవడం కంటే నయం. కానీ వీటి మీదే ప్రాణం పెట్టకూడదు. సరైన పద్ధతి ఏమిటంటే బ్లోయరుతో, వెడల్పాటి గొట్టం ద్వారా, మంచి గాలిని అడుగుదాకా కొట్టడం.

ఒక లెక్క చూద్దాం. బావి వ్యాసం 3 మీటర్లు (సుమారు 10 అడుగులు), నీటిమట్టం దాకా లోతు 10 మీటర్లు (33 అడుగులు) అనుకోండి. అందులో పట్టే గాలి సుమారు 70 ఘనపు మీటర్లు. నిమిషానికి 10 ఘనపు మీటర్లు కొట్టే బ్లోయరు పెడితే 7 నిమిషాలకు బావి నిండా సరిపడా గాలి వెళుతుంది. కానీ కొత్త గాలి పాతదానితో కలుస్తుంది గాని, దాన్ని పూర్తిగా తోసేయదు. అందుకని కనీసం ఏడు సార్లయినా మారాలి. అంటే ముప్పావు గంట పైనే కొట్టాలి. తర్వాతే మనిషి దిగాలి. మనిషి లోపల ఉన్నంతసేపూ బ్లోయరు ఆగకూడదు. కరెంటు పోయిందా, మనిషి వెంటనే పైకి రావాలి.

గొట్టం కొస బావి అడుగుకు ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉండాలి. పైనే ఉంచి కొడితే పైగాలే తిరుగుతుంది, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. ధాన్యం తూర్పారపట్టే ఫ్యానుకు పాలిథిన్ గొట్టం తొడిగి వాడేవారున్నారు. పొడవాటి గొట్టంలో ఆ గాలి బలం తగ్గిపోతుందని గమనించాలి. చిన్న బావికి తప్ప అది చాలదు. బండ కొట్టే ట్రాక్టరు కంప్రెషరు ఉంటే దాని గొట్టాన్ని కదలకుండా గట్టిగా కట్టి గాలి వదలవచ్చు. అయితే ట్రాక్టరు పొగ కంప్రెషరు పీల్చే వైపు రాకుండా, గాలివాలు చూసి నిలపాలి. పురుగుమందు కొట్టే పవర్ స్ప్రేయరుతో మాత్రం గాలి కొట్టవద్దు. అందులో మిగిలిన మందు లోపలికి పోతుంది. ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి బావిలో వదలడం కూడా తప్పే. ప్రాణవాయువు మోతాదు మించితే చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గుమంటాయి.

తూటాలు పేల్చిన తర్వాత తొందరపడి దిగవద్దు. పొగ కంటికి కనిపించకపోయినా విషం ఉంటుంది. పైన చెప్పినట్టు గాలి కొట్టాకే దిగాలి.

ఇంజిను బావిలో దించవద్దు

నేలమీద ఉన్న పంపు నీటిని పీల్చగలిగేది ఆచరణలో సుమారు 7 మీటర్ల లోతు నుంచే. నీరు ఇంకా కిందికి పోతే రైతు ఏం చేస్తాడు? ఇంజిన్నే బావిలో గట్టు మీదికి దించుతాడు. పైరు ఎండిపోతుంటే ఇంకో దారి కనిపించదు. కానీ ఆయిల్ ఇంజిను, అందులోనూ పెట్రోలు-కిరోసిన్ ఇంజిను, బావిలో నడిస్తే దాని పొగ అక్కడే నిండుతుంది. ఇంజిను ఆగిందని చూడటానికి దిగిన మనిషి కూడా అక్కడే ఆగిపోతాడు. ఇంజిను ఆపేశాక కూడా ఆ గాలి గంటల తరబడి నిలిచి ఉంటుంది. పొగగొట్టానికి పైపు తగిలించి పైకి పెట్టినా అతుకుల్లోంచి కారుతుంది, నమ్మకం లేదు. కరెంటు మోటారు గాని, నీళ్లలో మునిగే మోటారు గాని పెట్టుకోవడమే దారి. ఒక్కరికి భారమైతే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పెట్టుకోవచ్చు.

గోబర్ గ్యాస్ గుంత, సెప్టిక్ ట్యాంకు

గోబర్ గ్యాసులో నూటికి 55-65 పాళ్లు మీథేన్, 30-40 పాళ్లు బొగ్గుపులుసు వాయువు, కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. 1984లో వచ్చిన దీనబంధు నమూనా గుంతల్లో గుమ్మటం భూమిలోనే ఉంటుంది. లోపలికి పోవడానికి దారి ఇరుకు, గాలి మారే వీలు తక్కువ. గ్యాసు రావడం తగ్గిందని, అడుగున మట్టి పేరుకుందని దాంట్లోకి దిగేవారు ముందు ఇవి చేయాలి. గ్యాసు గొట్టం విప్పి గ్యాసంతా బయటికి వదలాలి. పేడనీళ్లు పోసే తొట్టి, బయటికి వచ్చే తొట్టి రెండింటి మూతలూ తీయాలి. పైనుంచి బకెట్లతోనో పంపుతోనో పేడనీరు తోడేయాలి. బ్లోయరుతో గాలి కొట్టాలి. చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల, లాంతరు ఏవీ ఉండకూడదు. అడుగు బురదను కదిపితే దాంట్లో దాగి ఉన్న గ్యాసు ఒక్కసారిగా పైకొస్తుంది. గాలి బాగుందని దిగినవారు పని మొదలుపెట్టిన తర్వాత పడిపోయేది ఇందుకే.

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరుగా చెప్పాలి. అందులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపి కడిగించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. దింపిన యజమానికి జైలు, జరిమానా రెండూ పడవచ్చు. మునిసిపాలిటీ గాని ప్రైవేటు వారి గాని పీల్చే బండిని పిలిపించడమే మంచిది.

పాతర్లు, మాగుడు గడ్డి గుంతలు

పాతరలో పోసిన గింజ చచ్చిన వస్తువు కాదు. అదీ ఊపిరి పీలుస్తుంది. లోపలి ప్రాణవాయువు వాడుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. పురుగు చావడానికి ఇదే కారణం, పాతర గింజ నిలవ ఉండటానికీ ఇదే కారణం. అదే గాలి మనిషినీ వదలదు. పాతర మూత తీసి ఒక రోజైనా ఆరనివ్వాలి. పైనుంచి తోడగలిగినంత గింజ తోడాలి. దిగవలసి వస్తే ముందు గాలి కొట్టాలి. పాతర్లు తగ్గిపోయాయి గాని, పూర్తిగా పోలేదు. కొత్తగా పాడి రైతులు వేసుకుంటున్న మాగుడు గడ్డి గుంతలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గడ్డి తొక్కిన తర్వాత మొదటి రెండు మూడు వారాలు పసుపు-గోధుమ రంగు పొగ, బ్లీచింగ్ పౌడరు లాంటి వాసన కనిపిస్తే దగ్గరికి పోవద్దు. అది ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు. పీల్చిన వెంటనే బాగానే ఉన్నట్టనిపించినా కొన్ని గంటల తర్వాత ఆయాసం ముదురుతుంది. ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

ధాన్యం గదిలో బిళ్లలు - ఒక్కటి చాలు

ముక్కపురుగు పట్టకుండా ధాన్యం బస్తాల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి, అదే ఇంట్లో పిల్లాజెల్లాతో నిద్రపోయేవారు ఇంకా ఉన్నారు. ఈ బిళ్ల గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. 3 గ్రాముల బిళ్ల ఒకటి 1 గ్రాము ఫాస్ఫీన్ ఇస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గదిలో ఒక్క బిళ్ల కరిగితే, గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 25 పాళ్ల విషం చేరుతుంది. పనిచేసే మనిషి రోజంతా పీల్చడానికి అనుమతించిన హద్దు 0.3 పాళ్లు మాత్రమే. అంటే ఎనభై రెట్లు. రెండు బిళ్లలైతే అప్పటికప్పుడు ప్రాణాపాయమని చెప్పే 50 పాళ్ల హద్దుకు చేరినట్టే. ఈ వాయువు తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్కగదికి కూడా పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు.

ఈ మందును ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న నిపుణులు తప్ప మామూలు రైతులు వాడటానికి వీల్లేదు. 10, 20 బిళ్లలుండే గొట్టాల అమ్మకాన్ని 2001లోనే నిషేధించారు. ఎవరైనా విడిగా చేతిలో పెడితే తీసుకోవద్దు. ఇంటి అవసరానికి నిలవ చేసుకునే గింజకు వేరే దారులున్నాయి. కొరికితే టక్కుమనేదాకా ఎండబెట్టండి. గాలి చొరని మూడు పొరల సంచుల్లో పోసి మూతి బిగించి కట్టండి. పప్పులకు కొద్దిగా నూనె పట్టించండి. పాత గోనె సంచులను వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టి వాడండి.

కోళ్ల షెడ్డు, పట్టుపురుగుల గది

కోళ్ల షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే అమ్మోనియా హద్దు దాటిందని గుర్తు. కోళ్లకే కాదు, రోజంతా అక్కడ ఉండే మనిషి ఊపిరితిత్తులకూ చేటే. నీళ్ల డ్రింకర్లు కారి కింది వరిపొట్టు తడిస్తే అమ్మోనియా పెరుగుతుంది. కారే చోట బాగుచేయాలి. తడిసిన పొట్టు తీసేసి పొడి పొట్టు వేయాలి. చలికి గోనె పరదాలు దించినా, కప్పు కింద జానెడు సందు రెండు వైపులా వదలాలి. వేడిగాలి, అమ్మోనియా పైనుంచి పోతాయి. పిల్లలకు వెచ్చదనం కోసం బొగ్గుల కుంపట్లు పెట్టి, పరదాలన్నీ దించి, కాపలా మనిషి అక్కడే పడుకోవడం మహా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే తీసుకుపోతుంది. ఆ మనిషి బయట పడుకోవాలి, గంటకోసారి వచ్చి చూసి వెళ్లాలి.

హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల పట్టు రైతులకు ఫార్మాలిన్ గురించి చెప్పనక్కర్లేదు. పురుగుల గదిని శుద్ధి చేయడానికి 2 శాతం ద్రావణం కావాలి. 36 శాతం ఫార్మాలిన్ ఒక లీటరుకు 17 లీటర్ల నీళ్లు కలిపితే సరిపోతుంది. 'ఎక్కువ కలిపితే ఎక్కువ పని చేస్తుంది' అనుకోవద్దు. ఇది కళ్లను, గొంతును మండిస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. గది లోపలి గోడ నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి నడుస్తూ పిచికారీ చేయాలి. అప్పుడు మందు మన వెనక ఉండదు, ముందే ఉంటుంది. ఒక రోజు గది మూసి ఉంచి, తర్వాత తలుపులు, కిటికీలు తెరిచి కనీసం ఇంకో రోజు గాలి ఆడనివ్వాలి. ఇంట్లో ఆడవాళ్లే ఈ పని ఎక్కువగా చేస్తారు. గర్భిణులు, పసిపిల్లలు ఆ రెండు రోజులూ దూరంగా ఉండాలి. ఫార్మాలిన్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎప్పుడూ కలపకూడదు.

ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. మిరప ఘాటు, ధాన్యం దుమ్ము, పసుపు పొడి లాంటివి గుడ్డ కొంత ఆపుతుంది. గ్యాసును ఏ గుడ్డా ఆపలేదు. తడిపి కట్టినా అంతే. ఏ గదిలోనైనా ఒక గోడకు కింద గాలి వచ్చే దారి, ఎదుటి గోడకు పైన గాలి పోయే దారి ఉండాలి. ఒకే వైపు రెండు కిటికీలు పెట్టి ప్రయోజనం లేదు.

ఒకరు పడిపోతే రెండోవారు దిగవద్దు

ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుంచుకోండి అంటే ఇదే. అమెరికాలోని పని భద్రత పరిశోధన సంస్థ 1986లో ఇలాంటి మరణాలను పరిశీలించి, ఇరుకు చోట్ల చనిపోయినవారిలో నూటికి 60 మందికి పైగా కాపాడబోయి దిగినవారేనని చెప్పింది. మన ఊళ్లలో జరుగుతున్నదీ ఇదే. లోపల పడింది అన్నో, కొడుకో అయినప్పుడు కాలు ఆగదు నిజమే. కానీ మొదటి మనిషిని పడేసిన గాలి రెండో మనిషిని చూసి జాలిపడదు. మీరూ పడిపోతే అతన్ని పైకి లాగే చెయ్యి ఇంకొకటి తగ్గుతుంది.

అందుకే దిగకముందే ఏర్పాటు ఉండాలి. దిగే మనిషికి చంకల కిందుగా ఛాతీ చుట్టూ మోకు కట్టాలి, నడుముకు కాదు. మోకు రెండో కొస పైన గిరక మీదుగా ఉండాలి. పైన లాగగలిగిన ఇద్దరు ముగ్గురు కదలకుండా ఉండాలి. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే పైకి తీయమని గుర్తు పెట్టుకోవాలి. ప్రతి రెండు నిమిషాలకూ పిలవాలి. బదులు రాకపోతే ఇంకేమీ ఆలోచించకుండా లాగేయాలి.

మోకు లేకుండా దిగి పడిపోతే, ముందు గాలి కొట్టడం మొదలుపెట్టండి. 101 లేదా 112కు ఫోను చేసి 'బావిలో గాలాడక మనిషి పడిపోయాడు' అని స్పష్టంగా చెప్పండి. అగ్నిమాపక సిబ్బంది దగ్గర వీపున తగిలించుకునే గాలి సిలిండర్లుంటాయి. 108కు కూడా చెప్పండి.

పైకి తెచ్చాక ఆరుబయట పడుకోబెట్టి బట్టలు వదులు చేయాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు పెట్టి నిమిషానికి 100-120 సార్లు, రెండంగుళాల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా. నోట్లో నీళ్లు, సోడా, చారు ఏవీ పోయవద్దు. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కడ, ఏ గాలి పీల్చాడో డాక్టరుకు చెప్పాలి.

పని చెప్పే రైతుకు ఒక మాట

ఎకరం, రెండెకరాల రైతు కూడా బావి పనికి నలుగురు కూలీలను పెడతాడు. ఆ నాలుగు రోజులూ ఆయనే యజమాని. ఫ్యాక్టరీలో గ్యాసుండే గుంతలోకి మనిషిని పంపాలంటే, గాలి పరీక్ష చేశాకే గాని, గాలి సిలిండరు, బెల్టు, తాడు ఇచ్చాకే గాని పంపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. బావికి ఇన్‌స్పెక్టరు రాడు. అక్కడ ఆ పని చూడవలసింది రైతే. 'ఇవాళ వద్దు, గాలి బాగాలేదు' అని కూలీ అంటే కూలి కోస్తానని బెదిరించవద్దు. ఆ మాట అన్నవాడు మీ ఇంటి పరువు కాపాడుతున్నాడు.

బ్యాంకు ఖాతా ఉన్న 18-70 ఏళ్ల వారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. 2015లో మొదలైన ఈ పథకానికి 2022 జూన్ నుంచి ఏడాదికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటివారికి 2 లక్షలు వస్తాయి. మీరు చేరండి, పనికి పిలిచే కూలీలనూ చేర్పించండి. అయితే బీమా ఉన్నది ఇంటివారికి ఆసరాగానే. పోయిన మనిషికి అది బదులు కాదు.

దిగేముందు చూసుకోవలసినవి

- పని దిగకుండా పైనుంచే అవుతుందా? అయితే దిగవద్దు.
- అడుగుదాకా గొట్టం వేసి ముప్పావు గంటకు తగ్గకుండా గాలి కొట్టారా?
- మీటరుతో గాని, బావి అయితే కనీసం దీపంతో గాని చూశారా? (గోబర్ గ్యాస్ గుంతలో, సెప్టిక్ ట్యాంకులో దీపం వద్దు.)
- లోపల గాని, దగ్గర్లో గాని ఇంజిను నడుస్తోందా?
- ఛాతీకి మోకు, పైన గిరక, లాగడానికి మనుషులు ఉన్నారా?
- 101, 112, 108 నంబర్లు, దగ్గరి ఆసుపత్రి దారి అందరికీ తెలుసా?

వీటిలో ఒక్కదానికి 'లేదు' అన్న జవాబు వచ్చినా ఆ రోజు పని వాయిదా వేయండి. పూడిక రేపు తీసుకోవచ్చు.